ఓడల్లో కొలిచిన నిల్వ

మా సంఘం దగ్గర నిల్వ ఎంత ఉందని అడిగితే పాతవాళ్లెవరూ రూపాయల్లో చెప్పేవారు కాదు. "మూడు ఓడలుంది" అనేవారు. కాస్త తగ్గితే "మూడుకి తక్కువే" అనేవారు. మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు ఈ మాట విని, వీళ్లకు సొంత ఓడలున్నాయనుకుని మా అధ్యక్షుడు సావుకారుగారికి కుర్చీ వేయించి టీ తెప్పించాడు. సావుకారుగారు టీ పూర్తిగా తాగాకే అసలు సంగతి చెప్పారట.

పోర్ట్ బ్లెయిర్‌లో పెద్దాసుపత్రికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో మా తెలుగువాళ్ల సంఘానికి ఒక హాలు, దాని వెనక ఐదు గదులు ఉన్నాయి. హాలు పెళ్లిళ్లకు, గదులు రోగులకు. దీవుల ఉత్తర కొసన డిగ్లీపూర్‌లో తెల్లవారకముందే బస్సెక్కినవాళ్లు ఇక్కడ దిగేసరికి పొద్దు వాలిపోతుంది. ఆ ప్రయాణం చేసి, డాక్టరుకు చూపించుకుని, వెంటనే వెనక్కి బయల్దేరడం జబ్బు మనిషివల్ల అయ్యే పని కాదు. దక్షిణ దీవుల నుంచి వచ్చేవాళ్లకైతే తిరుగు ఓడ ఎప్పుడో కూడా తెలియదు. లాడ్జికి డబ్బు పెట్టలేనివాళ్లు ఆసుపత్రి వరండాలో పడుకునేవారు. అది చూడలేక అబర్డీన్ బజార్లోని మా వర్తకులు కొందరు కలిసి ఈ గదులు కట్టారు. తెలుగువాళ్ల కోసమని కట్టారు గాని, మొదటి నెలలోనే రాంచీ వైపు నుంచి కూలికి వచ్చిన ఒక కుటుంబం వచ్చి పడుకుంది. ఎవరూ లేపలేదు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఏ భాషవాళ్లని అడగడం మానేశారు.

గదులకు వచ్చే డబ్బులో ముఖ్యమైనది బస్తా రూపాయి. సరుకు ఓడ హడ్డో జెట్టీకి వచ్చినప్పుడు మా వర్తకులు తమ పేరున దిగిన ప్రతి బస్తాకూ ఒక రూపాయి చొప్పున సంఘం డబ్బాలో వేయాలి. బియ్యం, ఉల్లి, చింతపండు, ఎండుమిర్చి, ఏదైనా సరే. ఎవరికెన్ని బస్తాలు దిగాయో పక్క కొట్టువాడికి తెలుసు కాబట్టి తక్కువ వేయడం కుదిరేది కాదు. ఓడ వస్తే డబ్బు వచ్చేది, రాకపోతే లేదు. రోగులు మాత్రం ఓడను చూసుకుని జబ్బుపడరు. తుఫాను రోజుల్లో, ఓడ మరమ్మతుకు వెళ్లినప్పుడు, ఒక రాకకూ మరో రాకకూ మధ్య ఎడం బాగా పెరిగిపోయేది. అందుకని నిల్వను ఓడల్లో కొలవడం అలవాటైంది. ఓడకూ ఓడకూ మధ్య, అంటే సుమారు నెల రోజులు, గదులు నడవడానికి అయ్యే ఖర్చు ఒక ఓడ. వంటమనిషి జీతం, బియ్యం, పప్పు, కరెంటు, ఎండాకాలంలో కుళాయి రాని వారాల్లో ట్యాంకరు నీళ్లు, అన్నీ అందులోకే వస్తాయి. మూడు ఓడలుంది అంటే, వరసగా మూడుసార్లు ఓడ తప్పినా గదులకు తాళం పడదని అర్థం.

సావుకారుగారు ఉల్లిపాయల టోకు వ్యాపారి, సంఘానికి మొదటి అధ్యక్షుడు. ఆయన దీనికి రెండు కట్టుబాట్లు పెట్టారు. నిల్వ రెండు ఓడలకు తగ్గకూడదు. ఆరు ఓడలు దాటకూడదు. ఆరు దాటితే, మళ్లీ దిగేదాకా బస్తా రూపాయి వసూలు ఆపేయాలి.

మొదటిది ఎవరికైనా తెలుస్తుంది. రెండోది నాకు వింతగా తోచింది. నేను సర్కారు స్టోర్స్‌లో లెక్కలు రాసేవాణ్ణి. నిల్వ ఎక్కువుంటే మంచిదేగా అని ఆయన్నే అడిగాను.

"గుమస్తాగారూ, గోదాంలో ఉల్లిపాయ అవసరానికి మించి పెడితే ఏమవుద్దో తెలుసా?" అన్నారు.

"కుళ్లుతుంది."

"కుళ్లేది తర్వాతండీ. ముందు మొలకొస్తది. మొలకొచ్చిందంటే ఇంక కూరలోకి రాదు, నేనే ఓ మొక్కనవుతానంటది. డబ్బు కూడా అంతే."

ఆయన నన్ను కోశాధికారిగా పెట్టుకున్నది కూడా నా ఉద్యోగం చూసి కాదు. "మీరు రోజూ డైరీ రాస్తారంట గదా. రోజూ ఒకే పని చేసే మనిషికి డబ్బు అప్పజెప్పొచ్చు" అన్నారు. నా డైరీలో గొప్ప విషయాలేవీ ఉండవు. వాన పడిందా, ఓడ వచ్చిందా, ఇంటికెవరొచ్చారు, ఇంతే. చదివితే నాకే నిద్రొస్తుంది. ఆయన నమ్మారు కాబట్టి ఒప్పుకున్నాను.

ఒకసారి నిల్వ నిజంగానే ఆరు ఓడలు దాటింది. ఆ ఏడు హాల్లో పెళ్లిళ్లు ఎక్కువ జరిగి, అద్దె బాగా వచ్చింది. సావుకారుగారు డబ్బా తీసుకెళ్లి అల్మారాలో పెట్టి తాళం వేశారు. రెండు ఓడలు వచ్చి వెళ్లేదాకా ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఆ రోజుల్లో బజారులో వర్తకుల ముఖాలు చూడాలి. రూపాయి పెద్ద మొత్తమేం కాదు. అయినా, తీసుకునేవాడు వచ్చి "ఈసారి వద్దు" అనడం ఎవరి అనుభవంలోనూ లేదు. ఆ ముచ్చట చాలా ఏళ్లు చెప్పుకున్నారు.

సునామీ వచ్చిన ఆదివారం పొద్దున నిల్వ నాలుగు ఓడలు.

ముందు భూమి ఊగింది. మా వీధిలో ఇంటింటి పైకప్పుల మీదా నీళ్ల ట్యాంకులు జారి పడ్డాయి. సంఘం హాలు తూర్పు గోడకు పైనుంచి కిందిదాకా పగులు పట్టింది. తర్వాత సముద్రం వచ్చింది. మా ఇల్లు మిట్ట మీద ఉంది కాబట్టి నేను చూసింది నీళ్లు వెనక్కి తీశాక మిగిలినదే. జెట్టీ పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. దగ్గరి పల్లె చౌల్దారీలో మా బంధువుల వరిచేలోకి ఉప్పునీరు వచ్చింది. నెల తర్వాత వెళ్లినా అక్కడే ఉంది, ఏడాది తర్వాత వెళ్లినా అక్కడే ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కు తగిలింది తక్కువేనని మాకు తెలిసింది, నికోబార్ దీవుల నుంచి ఓడల్లో మనుషులు రావడం మొదలయ్యాకే. బడులన్నీ నిండాయి. మా హాలూ నిండింది.

నాలుగు ఓడలు అన్నది ఐదు గదులకు వేసుకున్న లెక్క. హాలు నిండా ఉన్న జనానికి అది ఒక ఓడ కాలం కూడా రాలేదు. పైగా సరుకు ఓడలన్నీ మనుషుల్నీ, సహాయ సామగ్రినీ మోస్తున్నాయి. వర్తకుల బస్తాలు దిగడం ఆగిపోయింది. డబ్బాలో రూపాయి పడలేదు. బ్యాంకు తెరిచాక ఆ నిల్వలోని డిపాజిట్లు కూడా రద్దు చేసి తెచ్చాం, అవీ అయిపోయాయి. అప్పుడు సావుకారుగారు ఉల్లితోపాటు బియ్యం, పప్పు కూడా ఉన్న తన గోదాము తలుపులు తెరిచి, "తీసుకెళ్లండి. అప్పు కింద రాసుకోండి" అన్నారు.

"ఇలాంటప్పుడు కూడా అప్పేనా, ఊరికే ఇవ్వచ్చు గదండీ" అన్నాడు కమిటీలో ఒకాయన.

"ఊరికే ఇచ్చేవాడు రేపు బుద్ధిపుడితే ఆపేస్తాడు. అప్పిచ్చినోడు మధ్యలో ఆపితే పాత బాకీ కూడా మునుగుద్ది. ఆ భయంతోటయినా ఇస్తా ఉంటా. రాసుకోండి."

ఆ నెల లెక్కలో నిల్వ దగ్గర మొదటిసారి మైనస్ గుర్తు పెట్టాను. మైనస్ ఒకటిన్నర ఓడ.

హాలుకు వచ్చినవాళ్లలో నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చిన ఒకామె ఉండేది. భర్త తాపీమేస్త్రీ. దొరకలేదు. పుట్టిల్లు శ్రీకాకుళం వైపు, అక్కడా ఎవరూ మిగల్లేదని చెప్పింది. మొదటి రెండు రోజులు గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. మూడో రోజు పప్పు నోట్లో పెట్టుకుని లేచి నిలబడింది.

"ఏటిది? పప్పా, కడుగునీళ్లా? ఏడిసి ఏడిసి అందరికీ గొంతులెండిపోనాయి, కాస్త ఉప్పయినా ఎయ్యండి బాబూ!" అంటూ వంటవాడి చేతిలోంచి గరిటె లాక్కుంది. మళ్లీ ఇవ్వలేదు.

శిబిరం ఎత్తేశాక మిగతావాళ్లను సర్కారు రేకుల షెడ్లకు తరలించారు. ఆమె వెళ్లనంది. "ఆ డబ్బాల్లో ఒక్కదాన్నీ కూకుని ఏటి సెయ్యాల? ఇక్కడే వండుతాను." గదుల పక్కన సామాన్లు పెట్టుకునే చిన్న కొట్టు ఖాళీ చేయించి ఇచ్చాం. అప్పటినుంచి గదుల వంట, శుభ్రం, తాళాలు అన్నీ ఆమెవే. ఇక్కడి అలవాటు ప్రకారం అందరూ దీదీ అనేవారు. నన్ను మాత్రం ఆమె లెక్కల బాబూ అని పిలిచేది.

ఆ తర్వాత మెయిన్‌లాండ్ నుంచి డబ్బు వచ్చింది. ఉద్యోగులు ఒక రోజు జీతం పంపారు. ఎక్కడెక్కడి తెలుగు సంఘాలో చెక్కులు పంపాయి. అవి మా చేతికి అందేసరికి శిబిరం ఖాళీ అయింది, ఇళ్లు కట్టే పని సర్కారు తీసుకుంది. చాలా చెక్కుల వెంట, ఇది బాధితుల వసతికి, తిండికి, వైద్యానికి అని రాసి ఉంది. అంటే మా గదులకే. ముందు సావుకారుగారి బాకీ తీర్చాం. మిగిలింది డిపాజిట్ చేశాం. అప్పటికే ఆయనకు ఆరోగ్యం బాగాలేదు. వైద్యానికి విశాఖ ఓడ ఎక్కుతూ, జెట్టీ మీద నన్నడిగారు.

"ఎన్ని ఓడలుంది?"

"పన్నెండు దాటింది."

"ఎక్కువైపోయింది. ఇంకో రెండు గదులు కట్టేయండి."

ఆయన తిరిగి రాలేదు. గదులూ కట్టలేదు.

తర్వాత అధ్యక్షుడైన అతను కాంట్రాక్టరు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు. సునామీ తర్వాత దీవుల్లో ఇళ్లు, జెట్టీలు, రోడ్లు మళ్లీ కట్టే పనుల్లో పైకొచ్చాడు. చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు తండ్రి అప్పులపాలైతే, కొట్టుకు తాళం వేసి వెళ్లిన అప్పులవాళ్లను చూసినవాడు. బ్యాంకులో డబ్బు ఉందంటే గాని నిద్రపట్టేది కాదు అతనికి. నన్ను బాబాయ్ అనేవాడు.

"బాబాయ్, ఈ ఓడలూ గీడలూ ఏంటి? మనమేమన్నా షిప్పింగ్ కంపెనీయా? మీటింగులో లక్షల్లో చదవండి, పబ్లిక్‌కి సమజ్ అవ్వాలి."

లక్షల్లోనే చదివాను. సర్వసభ్య సమావేశంలో ఆ అంకె వినగానే హాలంతా చప్పట్లు కొట్టింది. మరుసటి ఏడు చప్పట్ల కోసం కాచుకుని కూర్చున్నారు. ఆ తర్వాత అదొక తంతు అయింది. కోశాధికారి అంకె చదవాలి, చప్పట్లు పడాలి, సమోసాలు రావాలి. అంకె కిందటేటి కంటే పెద్దదిగా ఉండాలి. ఓడల లెక్కను నేను మానలేదు. కాగితం చివర ఒక గడిలో రాసేవాణ్ణి. పైకి చదవమని ఎవరూ అడగలేదు.

అంకె ప్రతి ఏడూ పెరగాలంటే ఎక్కడో తగ్గాలి. గదులకు రంగులు వేయడం వాయిదా పడింది. రెండు పూటల భోజనం ఒక పూట అయింది. దీదీ జీతం ఉన్నచోటే ఉంది. పైకప్పు రేకులు సముద్రపు గాలికి తుప్పు పట్టాయి. తూర్పు గోడ పగులులో సిమెంటు పెట్టించారు, రెండు వానాకాలాలకు అది మళ్లీ తెరుచుకుంది. ముందు ఐదో గది మూసేశాం. తర్వాత నాలుగోది కారడం మొదలైంది. బస్తా రూపాయి మాత్రం ఆగలేదు. ఆరు ఓడలు ఎప్పుడు దాటామో లక్షల్లో వినేవాళ్లకు తెలియదు. పాత వర్తకులు కొట్టు కొడుకులకు అప్పజెప్పారు, కొడుకులు గుమస్తాలకు చెప్పారు, గుమస్తాలు అడిగినప్పుడల్లా డబ్బాలో వేస్తూ పోయారు.

ఒక వానాకాలం దీదీ నన్ను నాలుగో గది గుమ్మంలో ఆపింది.

"లెక్కల బాబూ, మన బేంకులో శానా డబ్బుందంట గదా?"

"ఉంది."

"మరి ఈ గదిలో తపేలా ఎందుకెట్టినాను?"

"వాన కారుతోంది కాబట్టి."

"డబ్బుండి కూడా కారుతాదేటి?"

ఆ తపేలా అన్నం వండటానికి వాడేది. పెద్దది, దళసరి అడుగుది. చుక్క పడ్డప్పుడల్లా టంగుమని మోగేది.

మందుల ఖర్చుకు మాకు ఏటా కొంత సాయం చేసే ఒక మెయిన్‌లాండ్ సంస్థ ఉండేది. వాళ్ల మనుషులు ఇద్దరు చూడటానికి వచ్చారు. లెక్కలు చూశారు, తపేలా చూశారు. ఆ ఇద్దరిలో పెద్దావిడ మర్యాదగానే అడిగింది. "ఇంత డబ్బు ఉంచుకుని మీరు మా దగ్గర ఎందుకు తీసుకుంటున్నారండీ? ఏమీ లేనివాళ్లకు ఇస్తాం కదా." సాయం ఆగింది. అదే ఏడు, తూర్పు గోడ పడగొట్టి కట్టాలని, పైకప్పు మొత్తం మార్చాలని, అది వచ్చే వానల్లోగా జరగకపోతే ఎవరినీ లోపల పడుకోనివ్వకూడదని ఇంజనీరు రాసిచ్చాడు.

కమిటీలో అధ్యక్షుడు ఒక ప్రతిపాదన పెట్టాడు. గదులు మూసేద్దాం. వండూర్, హావ్‌లాక్ చూడటానికి వచ్చే టూరిస్టులు ఏటికేడు పెరుగుతున్నారు కాబట్టి, స్థలాన్ని ఎవరికైనా లాడ్జి కట్టుకోవడానికి లీజుకిద్దాం. డిపాజిట్ కదలదు, పైగా లీజు డబ్బు వస్తుంది. వడ్డీలోంచి రోగుల చేతికి కొంత పైసలిద్దాం, వాళ్లే ఎక్కడో ఉంటారు. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికి లేదు. డిగ్లీపూర్ నుంచి జ్వరంతో వచ్చిన ముసలమ్మ చేతిలో నోట్లు పెట్టి గది వెతుక్కోమంటే ఏమవుతుందో కాగితం మీద ఉండదు. ప్రతిపాదన సర్వసభ్య సమావేశానికి వెళ్లాలి. ఈలోగా దీదీకి చెప్పాలి కాబట్టి అతను తనే వచ్చి చెప్పాడు. మరో చోటు చూసుకొమ్మన్నాడు.

ఆమె గరిటె పక్కన పెట్టింది. "ఎల్లిపోమంటే ఎల్లిపోతాను భయ్యా. ఓడ టిక్కెట్టు కొనియ్యి. ఏ ఊరికి కొనాలో అదీ నువ్వే సెప్పు."

అతను నావైపు చూశాడు. నేను వంటింటి కిటికీవైపు చూశాను.

ఆ రోజుల్లో సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, కంప్యూటర్ల దుకాణం నడుపుతాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గాని చదవాలంటే ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. ఆడిటరుకు ఇవ్వడానికి నా లెక్కల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తూ చివరి గడి దగ్గర ఆగిపోయాడు.

"అంకుల్, ఇది 'ఓడ' అనే రాశారా? లెక్కల్లో ఓడ ఏంటి?"

మొదటినుంచీ చెప్పాను. సావుకారుగారి రెండు కట్టుబాట్లూ, అల్మారాలో డబ్బాకు తాళం వేసిన సంగతీ చెప్పాను.

"అయితే ఇప్పుడెన్ని?"

"నలభై ఒకటి."

"అరే బాప్‌రే! ఇది నేవీ కదా అంకుల్!" ఆ గడిని తెర మీద పెద్దది చేశాడు. "మీటింగులో ఇది చదవండి. లక్షలంటే నాకు దిమాగ్‌లోకి ఏమీ ఎక్కట్లేదు. ఇదైతే సీదా ఎక్కింది."

సమావేశం ఆదివారం మధ్యాహ్నం పెట్టారు. తూర్పు గోడ పక్కకు ఎవరూ వెళ్లకుండా తాడు కట్టి, మిగతా సగంలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ముందు లెక్కలు, తర్వాత లీజు ప్రతిపాదన. నేను రాబడి చదివాను, ఖర్చు చదివాను, డిపాజిట్ల మొత్తం లక్షల్లో చదివాను. చప్పట్లు కొట్టారు. ఆగేదాకా నిలబడ్డాను. సమోసాల పళ్లెం కదిలింది. అప్పుడు చివరి గడి చదివాను. "ఓడల్లో, నలభై ఒకటి."

చిన్నవాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. వెనక వరసలోంచి చింతపండు వ్యాపారం చేసే పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని లేచాడు.

"ఎంతన్నావు?"

"నలభై ఒక్క ఓడలు."

"ఆరు దాటితే బస్తా రూపాయి ఆపాల గదా?"

"ఆపాలి."

"మరి మొన్న ఓడకి నా కాడ ఎందుకు పట్టుకెళ్లారు?"

నాకు జవాబు చెప్పే అవకాశం రాలేదు. "నా మిర్చి బస్తాలకీ తీసుకున్నారు!" అన్నాడొకడు. "మా నాన్న పోయినప్పటినుంచి ఇస్తున్నా!" అన్నాడు మరొకడు. కుర్చీలు జరిగిన చప్పుడు. అధ్యక్షుడు లేచి, "అరే, రూపాయి కోసం ఈ లడాయి ఏంటి?" అన్నాడు.

"రూపాయి కాదు భయ్యా, మాట. సావుకారుగారు పెట్టిన మాట" అన్నాడు మిర్చి వ్యాపారి.

"రూపాయి కూడా!" అన్నాడు అతని పక్కవాడు.

తిరిగి ఇచ్చేయాల్సిందేనని నలుగురైదుగురు పట్టుబట్టారు. ఏ ఓడకు ఎవరివి ఎన్ని బస్తాలు దిగాయో నా దగ్గర రాసి ఉందనీ, కావాలంటే ఇక్కడే చదివి ఎవరిది వాళ్లకు లెక్కగడతాననీ చెప్పాను. మంచి ఉద్దేశంతోనే అన్నాను. లేచినవాళ్లు ఒక్కొక్కరే కూర్చున్నారు. పక్క కొట్టువాడికి తెలిసినా, తమకు దిగిన బస్తాలన్నీ పన్నులవాళ్ల చెవిన పడేలా నలుగురిలో వినబడటం ఎవరికీ ఇష్టం లేదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

"చదవక్కర్లేదులే" అన్నాడు చింతపండు పెద్దాయన. "తిరిగి ఇవ్వనూ వద్దు. ఆరుకి దించండి. దించేదాకా నేను రూపాయి వెయ్యను."

"నేనూ వెయ్యను."

"నేనూ."

దీదీ టీ పళ్లెంతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "దించేదేటో టీ తాగి దించుకోండి, సల్లారిపోతంది" అంది.

ఇక దించడం ఎలా? డబ్బు ఇచ్చినవాళ్లు వసతికీ తిండికీ వైద్యానికీ అని ఇచ్చారు. వేరే దేనికీ తీయడానికి వీల్లేదు. తీయగలిగిన చోటు గదులొక్కటే. కార్యదర్శి లేచి ఇంజనీరు అంచనా చదివాడు. గోడ, పైకప్పు, వాటితోపాటు సావుకారుగారు ఓడెక్కుతూ చెప్పిన రెండు కొత్త గదులు. నేను అక్కడే కూడి చూశాను. రెండు పూటల భోజనం, దీదీకి న్యాయమైన జీతం కలిపితే, పని పూర్తయ్యేసరికి నిల్వ ఆరుకు కాస్త దిగువన నిలుస్తుంది. లీజు ప్రతిపాదనను అధ్యక్షుడు బయటికి చదవలేదు. వర్తకులందరూ ఒకవైపు ఉంటే అతను రెండోవైపు నిలబడే మనిషి కాదు. పైగా లెక్క తెలిసినవాడు. సంఘం పని తన కంపెనీకి తీసుకోకూడదని తనే ముందు అన్నాడు. కానీ కట్టినన్నాళ్లూ పొద్దున్నే వచ్చి నిలబడి, సిమెంటు పాళ్ల దగ్గర మేస్త్రీని సతాయించి, ఇంజనీరు అనవలసిన మాటలన్నీ తనే అన్నాడు.

నిల్వ ఓడ ఓడగా దిగింది. ప్రతి నెలా ఎంతకు దిగిందో హాలు బయట బోర్డు మీద రాశాం. ఐదున్నరకు వచ్చాక అల్మారాలోంచి డబ్బా తీశాం. మొదటి రూపాయిలు చింతపండు పెద్దాయనవే. బస్తాలు లెక్కపెట్టి మరీ వేశాడు. మరుసటి ఏడు మెయిన్‌లాండ్ సంస్థ పెద్దావిడ మళ్లీ వచ్చింది. ఏడు గదులూ తిరిగి చూసి, మందుల సాయం మళ్లీ మొదలుపెట్టించింది.

కొన్నేళ్లకు ఓడలు మళ్లీ ఆగిపోయాయి. ఈసారి సముద్రం వల్ల కాదు, దేశమంతా పాకిన జబ్బు వల్ల. బస్సులూ ఆగాయి. డిగ్లీపూర్ నుంచి చూపించుకోవడానికి వచ్చినవాళ్లు గదుల్లోనే చిక్కుబడిపోయారు. ఏడు గదులూ నిండాయి, పంపడానికి దారి లేదు. దీదీ ముక్కుకు చీరకొంగు కట్టుకుని వండింది, ఒక్కో గది గుమ్మంలో పళ్లెం పెట్టి దూరం జరిగి పిలిచింది. నిల్వ ఐదు ఓడల నుంచి దిగుతూ వచ్చింది. బోర్డు చూడటానికి వీధిలో ఎవరూ లేకపోయినా, నేను ఫోను చేసి చెబితే ఆమె సుద్దతో అంకె మార్చేది.

ఒకటిన్నర దగ్గర ఉండగా అధ్యక్షుడు నాకు ఫోను చేశాడు.

"బాబాయ్, ఆ నలభై ఉండుంటే ఇప్పుడు హాయిగా ఉండేవాళ్లం కదా."

"నలభై ఉండుంటే గదులుండేవి కాదు."

"అదీ నిజమే. ఎంతుంది ఇప్పుడు?"

"ఒకటిన్నర."

"రెండుకి తగ్గకూడదు కదా. నా లేబర్ కోసం తెప్పించిన బియ్యం గోదాంలో ఉంది. రేపు పంపిస్తా. ఊరికే కాదు బాబాయ్, అప్పు కింద రాసుకోండి."

రాసుకున్నాను. సావుకారుగారి మాట అతనికి ఎవరైనా చెప్పారో, తనకే తోచిందో అడగలేదు. ఆ బియ్యం లేకపోయినా గదులు మరికొన్నాళ్లు నడిచేవి. ఎన్నాళ్లో చెప్పలేను. ఓడలు మళ్లీ రావడం మొదలయ్యాక ముందు ఆ బాకీయే తీర్చాం.

ఇప్పుడు లెక్కలు కార్యదర్శి చూస్తున్నాడు. సరుకంతా కంటైనర్ పెట్టెల్లో వస్తోంది, బస్తాలు తగ్గాయి. పెట్టెకు ఎంతన్నది ఇంకా తేలలేదు, ప్రతి సమావేశంలోనూ దాని మీద వాదులాట. డబ్బా మీద ఫోనుతో డబ్బు పంపే చీటీ అంటించారు. ఓడల గడి కంప్యూటర్లోనూ చివరే ఉంది, చదివేటప్పుడు మాత్రం మొదట చదువుతున్నారు.

దీదీ ఆ చిన్న కొట్టులోనే ఉంటోంది. వంటకు మరో మనిషిని పెట్టాం, ఉప్పు చూసేది ఆమె. కిందటి సమావేశం అయ్యాక మెట్లు దిగుతుంటే నన్ను ఆపింది.

"ఎన్ని ఓడలు లెక్కల బాబూ?"

"మూడున్నర."

"అయితే ఉన్నట్టే గదా. నాకో తపేలా కొనియ్యమనండి. మంచి తపేలాని వానకెట్టి పాడు సేసినారు. అడుగు మాడిపోతంది."

కార్యదర్శికి చెప్పాను. కొన్నారు. ఖర్చు వంటసామాను కింద రాయించాను.